పదిహేడో నంబరు చొక్కా

జూన్ 2, 1991, ఆదివారం

గెలిచాం. 13-11. ఇంటికొచ్చి సిగ్గుపడుతూ ఇది రాస్తున్నాను.

పదమూడు రన్స్ కొట్టడం బాగానే ఉంది. పదకొండు ఇచ్చుకోవడమే పరువు తక్కువ. నేను మా ఊరు సెయింట్ ఎమెరిక్ జట్టుకు మేనేజరునై ఆరేళ్లు. ఆరేళ్లుగా ఒకటే మాట చెబుతున్నాను. బేస్‌బాల్‌లో గెలిపించేది బంతి విసిరే పిచరూ, ఫీల్డింగూ. బ్యాటు ఒకరోజు మాట వింటుంది, ఒకరోజు వినదు. మంచి పిచర్ చెయ్యి, బంతిని వదలని గ్లవ్ రోజూ వింటాయి. ఎదుటివాడికి సున్నా ఇస్తే మనం ఓడిపోయే దారే లేదు.

ఇవాళ కూడా ఈ మాట అన్నాను. ఫస్ట్ బేస్ దగ్గర నిలబడే రోలీ బీరు తాగుతూ, నార్బ్ అన్నా, మనమూ సున్నా కొడితే గెలిచే దారి కూడా ఉండదుగా అన్నాడు. అందరూ నవ్వారు. రోలీ సిమెంటు లారీ నడుపుతాడు. ఆడేటప్పుడు కాళ్లు కూడా సిమెంటులోనే ఉంటాయి. కానీ బ్యాటు పట్టాడంటే బంతి కంచె దాటి మొక్కజొన్న చేలో పడాల్సిందే. ఇవాళ రెండు పడేశాడు. కంచె వెంట కార్లు పెట్టుకుని చూసే జనం చెవులు చిల్లులు పడేలా హారన్లు మోగించారు. మా ఊళ్లో చప్పట్లు కొట్టరు, హారన్ కొడతారు.

మా అత్తగారు హిల్డెగార్డ్ అయితే కొడుకు విసిరిన ప్రతి బంతికీ కొడుతుంది. అది కొట్టేవాడికి తగలని స్ట్రైకా, అవతలివాడు చితక్కొట్టాడా అన్నది ఆవిడకు అనవసరం. రెండు కళ్లూ మసకలే. చొక్కా వీపు మీద పెద్ద 17 కనిపిస్తే చాలు. ఆ నంబరు కుట్టింది కూడా ఆవిడే.

ఆ కొడుకే లియాండర్. నా భార్య మార్లిస్ తమ్ముడు. ఇరవై ఏళ్లుగా ఈ ఊరికి వాడే పిచర్. వాడి బంతి ఎంత నెమ్మదిగా వస్తుందంటే, కొట్టేవాడు ఈలోపు ముక్కు చీదుకోవచ్చు. సాయంత్రం భుజానికి ఐసు కట్టుకుని నా మాంసం దుకాణానికి వచ్చాడు. ఇక నావల్ల కాదు బావా, మానేస్తా అన్నాడు. వాడు చెత్త పిచరే, కానీ వాడు తప్ప ఇంకొకడు లేడు. ఒరేయ్, ఈ ఒక్క ఏడూ లాగించరా, స్టేట్‌కి వెళ్తే మొదటి బంతి నీచేతే వేయిస్తా, ఒట్టు అన్నాను.

వాడు, అమ్మ చూస్తుండగా ఒక్కసారి స్టేట్‌లో విసిరితే చాలు బావా, ఇంకేం వద్దు అన్నాడు. సరే అన్నాను. వాడు పిచరైన తర్వాత మా ఊరు ఒక్కసారీ ఆ రాష్ట్రస్థాయి పోటీల ముఖం చూడలేదు. వెళ్తేగా!

జూలై 7, ఆదివారం

9-8. గెలిచాం. రోలీ బంతి వదిలేసిన ఎర్రర్లు మూడు, ఒక హోమ్‌రన్. దీన్ని ఆట అంటారా?

జూలై 28, ఆదివారం

లీగులో మొదటి స్థానం మాదే. నమ్మశక్యంగా లేదు. కొడుతూనే ఉన్నారు, ఇస్తూనే ఉన్నారు. లియాండర్ ఒక్కో ఇన్నింగ్స్‌కీ ముగ్గురిని బేసుల మీదకు ఎక్కించి, నింపాదిగా టోపీ సర్దుకుని, ఎలాగో బయటపడతాడు. వాడు విసురుతుంటే నా కడుపులో మంట. మార్లిస్ రోజూ మజ్జిగలాంటి ఆ తెల్ల మందు కొలిచి ఇస్తోంది.

ఈ మధ్య నాకు ఒక దరిద్రపు ఆలోచన వస్తోంది. వీళ్లు గెలిచినప్పుడల్లా నాకు సంతోషంతో పాటు కొంచెం కోపం కూడా వస్తోంది. నేను చెప్పినట్టు ఆడకుండా గెలుస్తున్నారని. సొంత జట్టు గెలిస్తే కోపం వచ్చే మేనేజరు ఎక్కడైనా ఉంటాడా? దీన్ని ఎవరికీ చెప్పలేను కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆగస్టు 11, ఆదివారం

స్టేట్‌కి వెళ్తున్నాం!

మా ప్రాంతపు రీజియన్ ఫైనల్లో వెబర్‌విల్‌ని 10-9తో ఓడించాం. ఊరు ఊరంతా బారులోనే ఉంది. లియాండర్‌ని భుజాల మీద మోశారు. వాడు ఏడుస్తున్నాడు. అత్తగారు కారులోంచి దిగకుండా హారన్ మీద చెయ్యి పెట్టి అలాగే ఉంచేసింది.

ఇప్పుడు అసలు సంగతి. రీజియన్ గెలిచిన ఊరు, ఓడిపోయిన ఊళ్ల నుంచి పిచర్లను అరువు తెచ్చుకోవచ్చు. డ్రాఫ్ట్ అంటారు. ఫైనల్ అయిన సాయంత్రమే బారు వెనకగదిలో మేనేజర్లు కూర్చుని పేర్లు చెబుతారు. మా ఊరు ఎప్పుడూ ఎవరినీ తెచ్చుకోలేదు. గెలిస్తే మనవాళ్లతోనే, ఓడినా మనవాళ్లతోనే అని మా నాన్నల కాలం నుంచీ ఉన్న పట్టింపు. సెయింట్ ఎమెరిక్ వంతు రాగానే లీగు ప్రెసిడెంటు అడగను కూడా అడగకుండా తర్వాతి ఊరికి వెళ్లబోయాడు.

ఆగండి అన్నాను. డారిన్ వోస్ అన్నాను.

గదిలో అందరూ నావైపే చూశారు. డారిన్ వెబర్‌విల్ పిచర్. తాటిచెట్టంత పొడుగు, ఇరవై రెండేళ్లు. వాడి బంతి కనపడదు, క్యాచర్ చేతిలో పడిన చప్పుడు వినపడుతుంది, అంతే. నిన్ననే ఒక గేమంతా విసిరాడు కాబట్టి ఇవాళ మాతో విసరలేదు. విసిరి ఉంటే మేం గెలిచేవాళ్లం కాదు. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే పేరు చెప్పాను.

బయటికి వస్తూ టోపీ బల్ల మీదే మర్చిపోయాను. సంతోషం వల్లే అనుకుంటా.

ఆగస్టు 12, సోమవారం

ఊళ్లో సగంమంది నాతో మాట్లాడలేదు. మిగతా సగం, సాసేజ్ కావాలి కాబట్టి మాట్లాడారు.

లియాండర్ వచ్చాడు. వాడి ముఖం చూడలేక మాంసం కోస్తూనే ఉన్నాను. మంచి పని చేశావు బావా, నేను మొదటి గేమ్ విసిరాక ఈ భుజం లేవదు, రెండో గేమ్‌కి డారిన్ ఉంటాడు అన్నాడు. నేను అవునన్నాను.

స్టేట్‌లో ఒక్కసారి ఓడితే ఇంటికే. మొదటి గేమ్ గెలవకపోతే రెండోది ఉండదు. మొదటి గేమ్‌కి డారిన్‌నే దింపాలని నిన్న పేరు చెప్పేటప్పుడే అనుకున్నాను. అయినా అవునన్నాను.

ఆగస్టు 17, శనివారం

ప్రాక్టీస్. డారిన్ వచ్చాడు. మర్యాదస్తుడు. బాగా సిగ్గరి. మా వాళ్లెవరూ వాడితో మాట్లాడలేదు. లియాండరే వెళ్లి చెయ్యి కలిపి, గంటసేపు వాడికి క్యాచర్‌గా కూర్చుని, తర్వాత ఇంటికి తీసుకెళ్లి మొక్కజొన్న కంకులు, పంది మాంసం పెట్టించాడట. అత్తగారు డారిన్‌కి వడ్డిస్తూ, మావాడు విసురుతుంటే చూసి నేర్చుకో నాయనా అందట. ఇదంతా మార్లిస్ చెప్పింది. చెప్పి, మా తమ్ముడే మొదలుపెడతాడుగా అని అడిగింది. చూద్దాం అన్నాను. పాతికేళ్ల కాపురం. చూద్దాం అంటే ఏమిటో దానికి తెలుసు. ప్లేటు తీసుకుని లేచి వెళ్లిపోయింది.

ఫస్ట్ బేస్ దగ్గర రోలీ బదులు గ్లెన్‌ని పెట్టాను. గ్లెన్ సన్నగా, చురుగ్గా ఉంటాడు. బంతి వదలడు. బ్యాటు మాత్రం చీపురు పట్టినట్టు పడతాడు. రోలీ నా దగ్గరికి వచ్చి, ఇంతదాకా తెచ్చిన బ్యాటుని బెంచీ మీద పడుకోబెడతావా అన్నా, దుప్పటి కూడా కప్పమంటావా అన్నాడు. నవ్వుతూనే అన్నాడు కానీ కళ్లు నవ్వలేదు.

ఆగస్టు 20, మంగళవారం

ఇవాళ లియాండర్‌కి చెప్పేద్దామనుకున్నాను. దుకాణంలో పని పడింది.

ఆగస్టు 22, గురువారం

ఇవాళ పని లేదు. అయినా చెప్పలేదు.

ఆగస్టు 23, శుక్రవారం, సాయంత్రం

లియాండర్ ఫోన్ చేశాడు. రేపు అమ్మకి నీడలో సీటు చూడాలి బావా, అక్కడ కంచె పక్కన కార్లు పెట్టనివ్వరట అన్నాడు. ఎండ బాగా ఉంటుంది, ఇంట్లోనే ఉంటే మంచిదేమో అన్నాను. భలేవాడివి బావా, ఇరవై ఏళ్లు ఆగింది ఇంట్లో కూర్చోవడానికా అని నవ్వాడు. ఇంతకన్నా చెప్పడానికి మంచి సమయం ఉండదు. ఫోనే కాబట్టి ముఖం చూసే పని కూడా లేదు. జాగ్రత్తగా రండి అని పెట్టేశాను.

నేను పిరికివాణ్ణి. రాస్తే తెలుస్తోంది.

ఆగస్టు 24, శనివారం, ఉదయం ఆరు

పిచరూ ఫీల్డింగూ. పిచరూ ఫీల్డింగూ. ఈ సాయంత్రానికి అందరికీ అర్థమవుతుంది. లియాండర్‌కి కూడా.

అదే రోజు, సాయంత్రం

ఓడిపోయాం. 1-0.

జరిగింది జరిగినట్టు రాస్తాను. వేరేలా రాసుకునే ముఖం లేదు.

గ్రౌండుకి చేరాక అంపైరు, అరువు పిచర్ మీ ఊరి చొక్కానే వేసుకోవాలి కదా, ఏదీ అన్నాడు. రూల్ అది. మా ఊరు ఎప్పుడూ ఎవరినీ తెచ్చుకోలేదు కాబట్టి ఆ సంగతే నాకు గుర్తులేదు. అదనపు చొక్కాలు రెండున్నాయి, రెండూ పొట్టివాళ్లవి. డారిన్‌కి బొడ్డు దాకా కూడా రాలేదు. అంత పొడుగు మనిషి మా జట్టులో ఒక్కడే ఉన్నాడు.

లియాండర్ అప్పటికే చొక్కా వేసుకుని, బూట్ల తాళ్లు కట్టుకుంటున్నాడు. నేను ఎదురుగా నిలబడ్డాను. ఎన్ని మాటలు అనుకున్నానో అవన్నీ పోయాయి. ఒరేయ్, నీ చొక్కా కాస్త డారిన్‌కి ఇస్తావా అన్నాను.

వాడికి తెలియడం అలా తెలిసింది. రెండు వారాల మాట ఒక చొక్కా అడగడంలో అయిపోయింది.

లియాండర్ తాళ్లు కట్టుకోవడం పూర్తి చేశాడు. చొక్కా విప్పి, మడత పెట్టి నా చేతిలో పెట్టాడు. చేతుల దగ్గర బిగుతుగా ఉంటుంది, పై గుండీ తీసుకోమను అన్నాడు. లోపలి బనియను మీద జాకెట్ వేసుకుని బెంచీ చివర కూర్చున్నాడు.

డారిన్ ఎలా విసిరాడో చెప్పడానికి మాటల్లేవు. ఎనిమిది ఇన్నింగ్స్, సున్నా. గ్లెన్ రెండు అసాధ్యమైన బంతులు పట్టాడు. ఏ తప్పూ లేదు. నేను ఆరేళ్లుగా కలలుగన్న ఆట అదే. మా వాళ్లూ సున్నానే. బ్యాట్లు పట్టుకుని ఎవరింటికో చుట్టపుచూపుగా వచ్చినట్టు నిలబడి, మర్యాదగా అవుటై వచ్చారు. తొమ్మిది ఇచ్చే పిచర్ వెనక పది కొట్టినవాళ్లకి, ఏమీ ఇవ్వని పిచర్ వెనక ఒక్కటి కొట్టాలనిపించలేదు. లేక నామీద కోపమో. అడిగే ధైర్యం లేదు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో డారిన్ చెయ్యి అయిపోయింది. గురి తప్పిన బంతులేసి ఒకడిని ఊరికే బేస్ మీదకు పంపాడు. వాడు రెండో బేస్‌కి చేరాడు. నేను నడుచుకుంటూ డారిన్ దగ్గరికి వెళ్లాను. సార్, చెయ్యి పడిపోయింది, లియాండర్‌ని పిలవండి, పాపం పెద్దాయన అప్పట్నుంచీ అక్కడ విసురుకుంటున్నాడు అన్నాడు. తిరిగి చూశాను. అవతల కంచె దగ్గర లియాండర్ బనియనుతో వార్మప్ చేస్తున్నాడు. ఎవరూ చెప్పకుండానే. ఆగి నావైపు చూశాడు.

పిలవాలంటే అన్ని వేలమంది ముందు డారిన్ ఒంటి మీద చొక్కా విప్పించి వాడికి తొడగాలి. నవ్వుతారు అనుకున్నాను. ఇంకొక్కడు, ఇంకొక్కణ్ణి చూడు అని డారిన్ భుజం తట్టి వచ్చేశాను. తర్వాతి బంతి బ్యాటుకి తగిలి కుడివైపు గడ్డిలో పడింది, రెండో బేస్ మీదున్నవాడు పరుగెత్తుకొచ్చి రన్ తీశాడు. 1-0.

మా వంతు వచ్చింది. ఒకడు అవుట్, ఒకడు మూడో బేస్ మీద. కొట్టాల్సింది గ్లెన్. రోలీ బ్యాటు పట్టుకుని లేచి నిలబడ్డాడు. కూర్చో అని చెయ్యి ఊపాను. రోలీని దింపితే గ్లెన్ మళ్లీ ఆడకూడదు, స్కోరు సమమైతే పదో ఇన్నింగ్స్‌లో గ్లెన్ ఫీల్డింగ్ కావాలి కదా అని. గ్లెన్ మూడుసార్లు గాలిని కొట్టి వచ్చాడు. తర్వాతవాడు బంతిని పైకి లేపాడు, పట్టేశారు, మూడో అవుట్. పదో ఇన్నింగ్స్ రాలేదు.

బస్సులో తిరిగొచ్చాం. మధ్యలో రోలీ వెనకనుంచి, నార్బ్ అన్నా, పదో ఇన్నింగ్స్‌లో మన ఫీల్డింగ్ అదిరిపోయింది అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

ఇంకొకటి మిగిలింది. దిగాక అత్తగారిని ఇంట్లో దింపడానికి నేనూ లియాండరూ కారులో వెళ్లాం. ఎండకి ఆవిడ ముఖం కమిలిపోయింది. వెనక సీట్లోంచి ముందుకు వంగి లియాండర్ తల నిమిరింది. ఎంత బాగా విసిరావురా నాన్నా, ఎనిమిది ఇన్నింగ్స్ దాకా ఒక్కడినీ కదలనివ్వలేదు, ఒక్క రన్ పోయిందని బాధపడకు, మిగతా వెధవలు కొట్టకపోతే నువ్వేం చేస్తావు అంది. ఆవిడకి కనిపించింది 17.

నేను స్టీరింగ్ పట్టుకుని రోడ్డు చూస్తున్నాను. చెప్పాల్సింది నేను. లియాండర్ కిటికీవైపు తిరిగి, అవునమ్మా అన్నాడు.

ఆగస్టు 25, ఆదివారం

స్టేట్‌కి వెళ్లి వచ్చిన జట్టుని, ఓడినా సరే, ఫైరింజను ఎక్కించి ఊరంతా తిప్పుతారు. నేను దుకాణం వెనక పొగ గదిలో కూర్చున్నాను. మాంసాన్ని పొగబెట్టే రోజు కాదు ఇవాళ. సైరన్ వచ్చింది, దుకాణం ముందు కాసేపు ఆగింది, వెళ్లిపోయింది. లియాండర్ ఎక్కాడట. అందరికీ చెయ్యి ఊపాడట. చొక్కా లేదు, డారిన్ ఉతికి పంపిస్తానన్నాడు.

ఆగస్టు 27, మంగళవారం

లియాండర్ దుకాణానికి వచ్చాడు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. కిలో సాసేజ్ అడిగాడు. కట్టి ఇచ్చాను. డబ్బులొద్దన్నాను. బల్ల మీద పెట్టాడు.

అప్పుడన్నాడు. బావా, నన్ను దింపలేదని కాదు. డారిన్ నాకన్నా ఎంత గొప్పవాడో నాకు తెలీదా? ముందే చెప్పుంటే అమ్మని ఇంట్లో ఉంచేవాణ్ణి. ఇప్పుడు చూడు, వీధిలో కనపడ్డవాళ్లందరికీ నేను విసిరానని చెబుతోంది, వాళ్లు నావైపు చూస్తున్నారు, నేనేమో తల ఊపుతున్నాను, నా జన్మలో నేను ఎవడి గొప్పా దొంగిలించలేదు బావా, నాతో ఈ పని చేయించావు అన్నాడు.

గొంతు పెంచలేదు. పొట్లం తీసుకుని వెళ్లాడు.

అబద్ధం నాది, మోస్తున్నది వాడు. ఇంత సిగ్గు నేనెప్పుడూ ఎరగను.

ఇక నిజం కూడా రాసేస్తాను. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో జనం నవ్వుతారని పిలవలేదని రాశాను. అది సగమే. లియాండర్ వస్తే గేమ్ పోతుందని కూడా నేను భయపడలేదు. వాడు వచ్చి, టోపీ సర్దుకుని, ఎప్పటిలాగే ఎలాగో బయటపడి గెలిపిస్తాడని భయపడ్డాను. రోలీని అందుకే కూర్చోబెట్టాను. వీళ్లు వీళ్లలాగే గెలిస్తే నేను ఆరేళ్లుగా వాగిందంతా ఏమవుతుంది? ఎదుటివాడికి ఒక్కటే ఇచ్చాం. నేను చెప్పింది రుజువైంది. ఊరు ఓడిపోయింది.

సెప్టెంబరు 1, ఆదివారం

చర్చిలో పక్కవాళ్ల చెయ్యి పట్టుకుని శాంతి చెప్పుకునే సమయానికి దగ్గు తెచ్చుకుని బయటికి వచ్చేశాను. లియాండర్ మా వెనక వరుసలోనే ఉన్నాడు.

సెప్టెంబరు 8, ఆదివారం

అత్తగారికి నిజం చెబుదామని వెళ్లాను. నిజంగానే వెళ్లాను. నన్ను చూడగానే, అల్లుడూ, అందరూ నిన్ను తిడుతున్నారట, నువ్వేం బాధపడకు, మావాణ్ణి నమ్మి దింపావు, ఆ ఉపకారం నేను మర్చిపోను అని నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి వదిలించుకుని చెప్పడం నావల్ల కాలేదు. ఆవిడ చేసిన యాపిల్ కేకు తిని వచ్చాను. తిన్నాను కూడా!

చెప్పావా అని మార్లిస్ గుమ్మంలోనే అడిగింది. లేదన్నాను. అయితే ఇంకో దారి ఉంది, మా అమ్మ చూశాననుకుంటున్నది నిజంగా ఒకసారి చూపించు అంది. ఎలా అన్నాను. బ్యాటు పట్టుకోవడం వచ్చా నీకు, లేక పిచరూ ఫీల్డింగేనా అంది.

సెప్టెంబరు 13, శుక్రవారం

చొక్కా వచ్చింది. డారిన్ తనే తెచ్చి ఇచ్చాడు. ఇస్త్రీ చేసి, పై గుండీ మళ్లీ గట్టిగా కుట్టించి మరీ. లియాండర్ ఇంటికి తీసుకెళ్లాను. గుమ్మంలో నిలబడి, తప్పు చేశానురా అన్నాను. తెలుసు అన్నాడు. ఆదివారం గ్రౌండుకి రారా అన్నాను. ఎందుకన్నాడు. చెప్పాను. చొక్కా తీసుకుని, పై గుండీ లాగి చూశాడు. భుజం నొప్పిగా ఉంది బావా, ఎక్కువ విసరలేను అన్నాడు. తలుపు వెయ్యలేదు.

సెప్టెంబరు 15, ఆదివారం

గ్రౌండులో మేమిద్దరం. కంచె పక్కన ఒక్కటే కారు.

వాడు 17 వేసుకుని విసిరాడు. నేను కొట్టబోయాను. అదే నెమ్మది బంతి, ముక్కు చీదుకునేంత వ్యవధి. ఒక్కటీ తగల్లేదు. కావాలనే వదిలేశావా అని తర్వాత మార్లిస్ అడిగింది. లేదు. ప్రతిదీ ప్రాణం పెట్టి కొట్టాను.

హారన్ ఆగలేదు. ఆ బ్యాటు పట్టుకున్న దద్దమ్మ ఎవడే అని అత్తగారు అడిగిందట. ఎవరో పక్కూరివాడులే అమ్మా అని చెప్పిందట మార్లిస్.